లేజరు ఖర్చు – ఏ కంటికి, ఏ పనికి?

సంక్రాంతి పండుగ అయిన వారమునకు సత్తువాచారిలోని మా ఇంటి బల్లమీద రెండు కాగితములు చేరినవి. ఒకటి మా పెద్దమ్మాయి తెచ్చినది. కళ్ళజోడు అక్కరలేకుండా చేసే లేజరు చికిత్సకు ఒక కంటి ఆస్పత్రివారు వ్రాసి యిచ్చిన అంచనా అది. రెండు కళ్ళకు 84,000 రూపాయలు. రెండవది గుడియాత్తములో ఉండే మా అన్నగారిది. చక్కెర వ్యాధివలన చెడుతున్న కుడికంటికి లేజరు పెట్టవలెనని వేరొక ఆస్పత్రివారు వ్రాసినది. మూడు విడతలు, విడతకు 3,500 చొప్పున 10,500 రూపాయలు. రెండు కాగితములమీదను ఉన్న మాట ఒక్కటే – లేజరు.

ఆ ఒక్క మాట మా ఇంటిలో ఎంత చేటు చేసినదో చెప్పి, దాని వెనుకనున్న లెక్కను చదువరులకు విడమరచి చూపవలెనని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము. మేము వైద్యులము కాము. ఆఫీసులో బిల్లులు సరిచూచుట మాత్రము ఇరువది ఏండ్లుగా మా బ్రతుకుతెరువు. ఆ కంటితోనే ఈ సంగతినీ చూచినాము.

అన్నగారి కథ

మా అన్నగారికి ఏబది యెనిమిదేండ్లు. లుంగీలు నేసే మగ్గముల నడుమ పుట్టి పెరిగిన మనిషి. షుగరు వచ్చి పదునాలుగేండ్లు అయినది. రెండేండ్ల క్రిందట నేతలో తెగిన పోగు ఎక్కడున్నదో కంటికి ఆనక, వేలితో తడిమి చూచుకోవలసి వచ్చినది. వయసు వచ్చినది గదా అని కళ్ళజోడు అంగడికి పోయి అద్దములు మార్పించినారు. ఆరు నెలలకు మరల మార్పించినారు. రెండుమార్లు డబ్బు పోయినదేగాని, పోగు కనబడలేదు.

ఆ తరువాత ఊరిలో పెట్టిన కంటి శిబిరములో ఒక డాక్టరమ్మ చుక్కలు వేసి, కంటిపాప పెద్దదయిన పిమ్మట లోపల చూచి, “అయ్యా, షుగరు కంటి వెనుక తెరను పట్టినది. ఆలస్యము చేయకుండా లేజరు పెట్టించుకోండి” అని చీటీ వ్రాసి యిచ్చినది. అన్నగారు ఆ చీటీని మడిచి చొక్కా జేబులో పెట్టుకొన్నారు. ఇంటికి వచ్చి వదినతో చెప్పలేదు. మాతోనూ చెప్పలేదు.

ఎందువలన చెప్పలేదో ఎనిమిది నెలల తరువాత తెలిసినది. ఒకనాటి ఉదయము లేచేసరికి ఎడమకంటిలో మసి పోసినట్లయి, ఏమీ కనబడలేదు. కొడుకు బస్సెక్కించి మా ఇంటికి తీసుకొని వచ్చినాడు. “చీటీ ఇచ్చిననాడే ఎందుకు రాలేదన్నా?” అని అడిగితే ఆయన చెప్పినది ఇది: “బస్సులో బొమ్మ వేసి ఉండె గదరా, లేజరు అని. మీ ఇంట్లో కూడా పాప లేజరుకు లక్ష అవుతుందని అనుకుంటా ఉంటిరి. ఈ వయసులో నా కంటికి లక్షా? ఆ డబ్బుంటే పిల్లకాయల చదువుకు పనికొస్తుందని ఊరకుండిపోతిని.”

మేము మాటలాడలేకపోయినాము. ఆయన లక్ష అనుకొని భయపడినది రెండు కళ్ళకు కలిపి 21,000తో పోయే పని. ఆ ఎనిమిది నెలలలో ఎడమకంటి లోపల రక్తము కారినది. రక్తము నిండిన కంటికి వెంటనే లేజరు పెట్టుటకు వీలులేదు. అది తానై తేటపడవలె. లేకున్న పెద్ద ఆపరేషను చేసి తీయవలె. ఇక మిగిలినది కుడికన్ను. దాని కాగితమే మా బల్లమీదికి వచ్చిన 10,500 రూపాయల కాగితము.

ఒక పేరు, నాలుగు పనులు

మన ఇండ్లలో కంటికి చేసే ఏ చికిత్సనయినా “లేజరు” అనుట వాడుక అయిపోయినది. నిజమునకు అవి నాలుగు వేరువేరు పనులు. నాలుగింటి ధరలు వేరు, అవసరము వేరు.

మొదటిది మా అన్నగారికి చెప్పినది. షుగరు చాలకాలము ఉన్నవారికి కంటి వెనుక తెరలోని సన్నని రక్తనాళములు పాడవుతవి. రక్తము అందని చోట్ల కొత్త నాళములు మొలుస్తవి; అవి బలము లేనివి, చిట్లి రక్తము కారుతవి. లేజరుతో ఆ తెర అంచులలో వందలకొద్దీ చిన్న చిన్న వాతలు పెడతారు. చెరువులో నీరు చాలని యేడు అంచుమడులను వదలి నడిమిమడులను కాపాడుకొన్నట్లే ఇదియును. మత్తుచుక్కలు వేసి కూర్చుండబెట్టియే చేస్తారు. ఆనాడే ఇంటికి రావచ్చును. అమెరికా దేశములో జరిపిన పెద్ద పరీక్షలో ఈ చికిత్సవలన తీవ్రముగా చూపు పోవుట సగానికి సగము తగ్గినదని 1976లోనే ప్రకటించినారు. అయితే ఒక్కటి గుర్తుంచుకోవలె: ఇది ఉన్న చూపును కాపాడును, పోయిన చూపును తిరిగి తేలేదు. అందుచేతనే ఇందులో ఆలస్యమునకు తావు లేదు. తెర నడుమ నీరు చేరినవారికి లేజరుకు బదులు కంటిలో సూదిమందు వేయుట కూడా కలదు.

రెండవది శుక్లములు తీసి, లోపల లెన్సు పెట్టిన కొన్ని నెలలకో ఏండ్లకో ఆ లెన్సు వెనుక పొర మసకబారినప్పుడు చేసేది. కొన్ని నిమిషముల పని, కోత లేదు. దీని ఖర్చు కొన్ని వేలతో పోతుంది. ఆపరేషను చేసిన కన్ను మరల మసకవేసినదంటే, మొదటి ఆపరేషను చెడిపోయినదని దిగులుపడనక్కరలేదు.

మూడవది శుక్లముల ఆపరేషను. దీనినే మన పెద్దలు “లేజరు ఆపరేషను” అంటారు. సామాన్యముగా అందులో లేజరే లేదు! చిన్న రంధ్రముచేసి, చెవికి వినబడని శబ్దతరంగములతో శుక్లమును కరిగించి లాగివేస్తారు. నిజముగానే లేజరు ఉపయోగించి చేసే ఖరీదైన పద్ధతి కూడా వచ్చినది గాని, పెద్ద పరీక్షలలో చూపు విషయమున దానివలన చెప్పుకోదగిన అదనపు మేలు కనబడలేదు. కాబట్టి శుక్లములకు “లేజరే కావలె” అని పట్టుబట్టి అప్పుచేయుట అనవసరము.

నాలుగవది మా అమ్మాయి కోరినది, కళ్ళజోడు తీయించేది. కంటి ముందరి అద్దమువంటి పొరను కార్నియా అంటారు. దానిని లేజరుతో చెక్కి వంపు మార్చుట ఈ చికిత్స. దీని పుట్టుకలో మన మదరాసుకు వంతు ఉన్నదని ఎందరికి తెలుసును? మదరాసు విశ్వవిద్యాలయములో చదివి అమెరికాకు పోయిన రంగస్వామి శ్రీనివాసన్ గారు, ఐ.బి.ఎం. పరిశోధనాలయములో జేమ్స్ విన్, శామ్యూల్ బ్లమ్ అను ఇద్దరితో కలిసి పనిచేస్తూ, 1981లో పండుగ విందున మిగిలిన టర్కీ కోడి మాంసముమీద ఎక్సైమర్ లేజరును ప్రయోగించి చూచినారు. చుట్టుప్రక్కల మాడకుండా ఎంత కావలెనో అంతే తెగినది. కంటి వైద్యులు ఆ గుణమును పట్టుకొన్నారు. ఆ ముగ్గురికీ 2013లో అమెరికా అధ్యక్షుడు జాతీయ పతకము బహూకరించినారు.

కళ్ళజోడు తీయించుటకు అయ్యే లెక్క

ఇక మా అమ్మాయి కాగితమునకు వస్తాము. ప్రకటనలో “24,999 మొదలు” అని ఉన్నది. పోయి విచారిస్తే అది ఒక కంటికి, పాత పద్ధతికి అని తేలినది. ముందు పరీక్షలు, తరువాతి చుక్కల మందులు, మరల మరల చూపించుకొనే ఫీజు వేరు. కొత్త పద్ధతి అయితే మంచిదని కౌన్సిలరమ్మ చెప్పగా చెప్పగా అంచనా 84,000కు చేరినది. ఊరినిబట్టి, యంత్రమునుబట్టి రెండు కళ్ళకు సుమారు ముప్పదివేల మొదలు లక్ష పైచిలుకు దాకా చెప్పే ధరలు కలవు. కాబట్టి కుర్చీలో కూర్చొనకముందే అడగవలసిన ప్రశ్నలు ఇవి: చెప్పిన ధర ఒక కంటికా, రెండింటికా? పరీక్షలూ మందులూ అందులో చేరినవా? ఒకవేళ పవరు కొంచెము మిగిలితే మరల చేయుటకు డబ్బు తీసుకొంటారా? పరీక్షలో కన్ను పనికిరాదని తేలితే కట్టిన అడ్వాన్సు తిరిగి యిస్తారా?

కన్ను పనికిరాకపోవుట అరుదైన సంగతి కాదు. పదునెనిమిదేండ్లు నిండి, కనీసము ఒక సాలుగా పవరు మారకుండా ఉండవలె. కార్నియా తగినంత మందముగా ఉండవలె. అది ముందుకు కూచిగా పెరిగే జబ్బు ఉన్నవారికి ఈ చికిత్స కూడదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఆగవలె. కన్ను ఎండిపోయే బాధ ఉన్నవారికి అది ఎక్కువ కావచ్చును. నలుబది దాటిన పిమ్మట చదువుటకు అద్దములు ఎలాగూ రావచ్చును. ఈ సంగతులు ముందుగా చెప్పే డాక్టరును నమ్మవచ్చును. మొదట తేదీ, తరువాత పరీక్ష అనేవారి దగ్గరనుండి లేచి వచ్చుట మేలు.

డబ్బు మాట వచ్చినప్పుడు ఆ ఆస్పత్రివారే “వడ్డీ లేని వాయిదాలు” చూపించినారు. నెలకు 7,000, పన్నెండు నెలలు. వడ్డీ సున్నా! కాని గుమాస్తా బుద్ధి ఊరకుండదు గదా. “రొక్కముగా ఒకేసారి కడితే ఎంత?” అని అడిగినాము. 78,000 అన్నారు. వాయిదాలకయితే 84,000, దానిమీద 1,500 ఖాతా ఖర్చు. అనగా 85,500. తేడా 7,500. నెలనెలా అసలు తగ్గుతూ వస్తుంది కనుక, లెక్క కడితే ఈ “సున్నా” మన ఊరి లెక్కలో నూటికి నెలకు రూపాయిన్నర వడ్డీకి సమానమయినది. నగలు కుదువబెట్టి అప్పు తెచ్చేవాడు తాను కట్టే వడ్డీ ఎంతో ఎరుగును. దీనిలో అది కూడా తెలియదు.

ఆరోగ్య బీమా ఉన్నది గదా అంటారేమో. మన దేశపు బీమా నిబంధనలలో ఒక వాక్యము ఉన్నది. పవరు 7.5 డయాప్టర్లకు తక్కువయితే కళ్ళజోడు పోగొట్టే చికిత్సకు డబ్బు ఇయ్యనక్కరలేదని పాలసీలలో మినహాయింపు పెట్టుకోవచ్చును. మా అమ్మాయి పవరు మైనస్ 4. కనుక ఆ తలుపు మూసినట్లే. శుక్లముల ఆపరేషనుకు సామాన్యముగా బీమా వర్తించును గాని, పాలసీ తీసుకొన్నప్పటినుండి కొంతకాలము ఆగవలెననియు, ఇంతకు మించి ఇయ్యమనియు షరతులు ఉండును. చిన్న అక్షరములు చదువుటకు మంచి కన్ను ఉన్నప్పుడే వాటిని చదువుకొనవలె.

డబ్బు లేనివారి కంటికి ఎవరు కట్టినారు?

ఈ ప్రశ్నకు మన వేలూరులోనే ఒక పాత జవాబు నిలిచి ఉన్నది. ఆరణి రోడ్డుమీది షెల్ ఆస్పత్రిని ఎరుగనివారు మనలో ఉండరు. న్యూయార్కులోని షెల్ అను బ్యాంకరు గతించిన తన భార్య మేరీ టేబర్ షెల్ జ్ఞాపకార్థము ఇచ్చిన పదివేల డాలర్లతో, ఐడా స్కడర్ దొరసాని 1902లో ఆ ఆస్పత్రిని తెరచినారు. నేడది సి.ఎం.సి.వారి కంటి ఆస్పత్రి. 1947లో వేలూరికి వచ్చిన డాక్టరు విక్టర్ రాంబో గారు, రోగి రాలేకపోతే వైద్యుడే పోవలెనని పల్లెలలో కంటి శిబిరములు నడిపినారు.

1976లో మదురలో డాక్టరు వెంకటస్వామి గారు ఉద్యోగ విరమణ అయిన పిమ్మట పదునొకండు పడకలతో అరవింద్ కంటి ఆస్పత్రి పెట్టినారు. ఇచ్చుకోగలవారు ఇచ్చినదానితో ఇయ్యలేనివారికి చేయుట వారి పద్ధతి. విదేశములనుండి వచ్చే లెన్సు ఖరీదు సామాన్యునికి అందకున్నదని 1992లో తామే లెన్సులు తయారుచేయించ నారంభించినారు. ఇక మన తెలుగువాడు, ఏలూరు ప్రాంతములో పుట్టి మదరాసులో చిత్రములు తీసి పేరుపొందిన ఎల్.వి. ప్రసాద్ గారు హైదరాబాదులో స్థలమూ ధనమూ దానము చేయగా, డాక్టరు గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు 1987లో ఆయన పేరనే కంటి ఆస్పత్రి నెలకొల్పినారు. అక్కడ డబ్బు ఇయ్యలేనివారికి క్లిష్టమైన చికిత్సలుకూడ ఉచితముగా జరుగును.

ప్రభుత్వమువారి సహాయమూ ఉన్నది. తమిళనాడు ముఖ్యమంత్రి సమగ్ర ఆరోగ్య బీమా 2012 జనవరిలో మొదలయినది. సాలుకు 72,000గా ఉన్న ఆదాయ పరిమితిని తరువాత 1,20,000 రూపాయలకు పెంచినారు. రేషను కార్డు, గ్రామాధికారి ఇచ్చే ఆదాయ పత్రము, ఆధారు తీసుకొని జిల్లా కలెక్టరు కచేరీలోని నమోదు కేంద్రమునకు పోవలె. మన కలెక్టరు కచేరీ మరెక్కడనో లేదు, సత్తువాచారిలోనే ఉన్నది! అయినను మన సంఘములో కార్డు లేని అర్హులు ఎందరో ఉన్నారు. ఏ చికిత్స కార్డులో చేరినదో ఆస్పత్రిలోని బీమా బల్లవద్ద ముందుగా అడిగి, అనుమతి వచ్చిన పిమ్మటనే చేరవలె. డబ్బు కట్టి వచ్చి, తరువాత కార్డు చూపితే ప్రయోజనము ఉండదు. తోలు కార్ఖానాలలో, చెప్పుల కార్ఖానాలలో పనిచేసే మనవారిలో ఇ.ఎస్.ఐ. ఉన్నవారు ఆ దారిన పోవచ్చును. అడుక్కంబారై ప్రభుత్వ వైద్యకళాశాల ఆస్పత్రి ఊరికి దగ్గరలోనే ఉన్నది. సరిహద్దు ఆవల, చిత్తూరు వైపున బంధువులు ఉన్నవారు అక్కడివారి ప్రభుత్వ ఆరోగ్య పథకమును గుర్తుచేయవలె.

మా ఇంటి తీర్పు

ఆ రాత్రి రెండు కాగితములను ప్రక్కప్రక్కన పెట్టుకొని కూర్చున్నాము. చీటీ పాడగా వచ్చిన డబ్బు తొంబదివేలు చేతిలో ఉన్నది. అది పాప పెండ్లికని వేసిన చీటీ. పెండ్లిచూపులకు వచ్చిపోయిన ఒకరు “అమ్మాయి అన్ని విధాల నచ్చినది, అద్దములు తీయిస్తే మాటలాడుదాము” అని మధ్యవర్తితో కబురు పంపి ఉన్నారు. ఇంటిలో ఆడవారికి ఆ సంబంధముమీద ఆశ. మాకు ఏమి చెప్పవలెనో తోచలేదు.

పాపయే వచ్చి కాగితములు చూచినది. “నాయనా, పెదనాయనకు ముందు కట్టండి. దీంట్లో ఆలోచించేదానికి ఏముంది?” అన్నది.

“మరి నీ సంగతో?” అన్నాము.

“వానలో బండి నడిపేటప్పుడు అద్దాలు తీసేస్తే బాగుండునని నాకూ ఉంది. అట్లా అనిపించి తీయించుకొంటే నా జీతంలో కూడబెట్టి తీయించుకొంటాను. వాళ్ళు అడిగినారని అయితే వద్దు. ఈరోజు అద్దాలన్నారు, రేపు ఇంకోటి అంటారు.”

ఆమె మూడువేల రూపాయల కళ్ళజోడు రెండేండ్లకు ఒకసారి మార్చుకొంటుంది. 84,000కు అట్టివి ఇరువదియెనిమిది వస్తవి; ఏబదియారేండ్లకు సరిపోవును. ఈ లెక్క చెప్పబోయినాము గాని, ఆమె మాటముందు మా లెక్క చిన్నదయినది. కళ్ళజోడు తీయించుకొనుట తప్పని మేము అనము. అది కోరిక, సొమ్ము చేరినప్పుడు తీర్చుకోదగిన కోరిక; దానికి వచ్చే యేడూ ఉన్నది. వెనుక తెరకు వచ్చే యేడు లేదు.

మరునాడే అన్నగారి కుడికంటికి మొదటి విడత అయినది. ఆరు వారములలో మూడు విడతలూ ముగిసినవి. ఎడమకంటి రక్తము తేటపడలేదు. కలెక్టరు కచేరీకి మూడుసార్లు తిరిగి కార్డు తెచ్చుకొన్నాము. దానిమీద అనుమతి వచ్చి ఆపరేషను జరిగినది. ఇప్పుడు ఆ కంటితో ఎదుటి మనిషిని గుర్తుపట్టగలరు. పోగు మాత్రము కనబడదు. కుడికంటితో ఇంకను నేస్తున్నారు. ఆ సంబంధమువారికి మర్యాదగా జవాబు పంపివేసినాము.

చదువరులకు మా మనవి ఒక్కటే. ఈ సంచిక చేతిలో ఉండగానే ఇంటిలో షుగరు ఉన్నవారెవరో తలచుకోండి. చుక్కలు వేసి కంటి లోపల చూపించుకొని ఒక సాలు దాటినదా అని అడగండి. షుగరువలన తెర చెడేటప్పుడు నొప్పి ఉండదు; మొదట్లో చూపుకూడ బాగానే ఉంటుంది; అందుచేత వారంతట వారు చెప్పరు. డాక్టరు “లేజరు” అంటే, “ఏ లేజరండీ, ఎన్ని విడతలు, విడతకు ఎంత?” అని అక్కడనే అడిగి, కాగితముమీద వ్రాయించుకొని, ఆ కాగితమును ఇంటిలో నలుగురి ముందు పెట్టండి. చొక్కా జేబులో మాత్రము పెట్టుకోకండి.